పాత ల్యాప్‌టాప్‌ను ఇంటి సర్వర్‌గా మార్చడం: ఫ్రీడంబాక్స్ సమగ్ర మార్గదర్శి

ఫోన్‌లోని కాంటాక్టులు, క్యాలెండర్, ఫోటోలు ఏదో ఒక కంపెనీ క్లౌడ్‌లో కాకుండా ఇంట్లోనే ఉన్న యంత్రంలో దాచుకోవాలంటే ఏం చేయాలని అడిగేవారి కోసం ఈ మార్గదర్శి. ఇందులో వాడేవి డెబియన్ అనే లినక్స్ వ్యవస్థ, దాని మీద నడిచే, ఇంటి సర్వర్‌ను బ్రౌజర్ నుంచి నిర్వహించనిచ్చే ఫ్రీడంబాక్స్. రెండూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. టెర్మినల్‌తో (ఆదేశాలు టైపు చేసే నల్ల తెరతో) పని దాదాపుగా మొదటి రోజే అయిపోతుంది. ఆ తరువాత నడిపేదంతా బ్రౌజర్ నుంచే.

పనుల వరుస మాత్రం తప్పకూడదు. చాలామంది ముందుగా యాప్‌లు ఎక్కించి, సర్వర్‌ను వెంటనే ఇంటర్నెట్‌కు తెరిచి, బ్యాకప్ సంగతి తీరిక దొరికినప్పటికి వదిలేస్తారు. ఈ మార్గదర్శిలో సర్వర్ మొదట ఇంటి లోపల మాత్రమే నడుస్తుంది, ఆ వెంటనే బ్యాకప్ కుదురుతుంది, తరువాత యాప్‌లు వస్తాయి, బయటి దారి అన్నిటికన్నా చివర తెరుచుకుంటుంది.

1. ముందే తేల్చుకోవలసిన విషయాలు

సర్వర్ ఒక్కరికా, ఇంటిల్లిపాదికా అన్నది మొదటి ప్రశ్న. నలుగురి ఫోటోలూ ఒకే యంత్రంలోకి చేరితే, నిర్వాహక ఖాతా ఉన్న వ్యక్తి కావాలనుకుంటే అన్నీ చూడగలడు. ఏ సెట్టింగూ దీన్ని పూర్తిగా ఆపలేదు కాబట్టి, ఆ మాట ఇంట్లోవారికి ముందే చెప్పి, వారి ఇష్టంతోనే వారి ఫోన్లను కలపాలి.

రెండవది, ఏమేమి నడపాలన్నది. కాంటాక్టులు, క్యాలెండర్, ఫోటోలు చాలు. ఫ్రీడంబాక్స్‌లో ఈమెయిల్ సర్వర్ యాప్ కూడా ఉంది కానీ, ఇంటి కనెక్షన్ మీద దాని జోలికి వెళ్ళవద్దనే నా సలహా. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఇంటి కనెక్షన్లలో ఈమెయిల్ వెళ్ళే 25వ పోర్టును (నెట్‌వర్క్ ద్వారాన్ని) మూసి ఉంచుతాయి, ఐపీ అడ్రసు మారుతూ ఉంటుంది, ఆ అడ్రసు ఎవరిదో చెప్పే రివర్స్ డీఎన్‌ఎస్ మన చేతిలో ఉండదు. ఇన్ని లోపాలున్న చోటి నుంచి వెళ్ళిన ఈమెయిల్ అవతలివారి స్పామ్‌లో పడుతుంది, లేదంటే అసలు చేరదు.

మూడవది డిస్క్ ఎన్‌క్రిప్షన్. యంత్రం దొంగల పాలైనా, రిపేరు షాపుకు వెళ్ళినా లోపలి సమాచారం ఎవరూ చదవకుండా ఉండాలంటే ఇది అవసరం. అయితే డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేస్తే, యంత్రం బూట్ అయిన ప్రతిసారీ ఎవరో ఒకరు కీబోర్డు దగ్గర కూర్చుని పాస్‌ఫ్రేజ్ కొట్టాలి. మీరు ఊళ్ళో లేనప్పుడు కరెంటు పోయి వస్తే, మీరు తిరిగి వచ్చేదాకా సర్వర్ ఆ తెర దగ్గరే ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ రెండు మూడు గంటలు నిలిచే స్థితిలో ఉంటే ఎన్‌క్రిప్షన్ పెట్టుకోండి. బ్యాటరీ లేని మినీ పీసీ అయి, ఇంట్లో ఇన్వర్టర్ కూడా లేకపోతే, డిస్క్‌ను మామూలుగా ఉంచి బ్యాకప్‌లను మాత్రం తప్పక ఎన్‌క్రిప్ట్ చేయడం మధ్యే మార్గం.

2. యంత్రం, కరెంటు, చోటు

మూలన పడి ఉన్న 64 బిట్ ల్యాప్‌టాప్ ఏదైనా సరిపోతుంది. 4 జీబీ ర్యామ్ ఉంటే పై పనులకు ఇబ్బంది ఉండదు. పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయడం మాత్రం పెట్టిన డబ్బుకు తగిన పని. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్ కొనుక్కున్నా పని జరుగుతుంది కానీ, ల్యాప్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉండటం మన ఊళ్ళలో పెద్ద సౌకర్యం. ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో కూడా కరెంటు పోయిన క్షణంలో రూటరు ఒకసారి ఆరి వెలుగుతుంది. ల్యాప్‌టాప్‌కు మాత్రం కరెంటు పోయిన సంగతే తెలియదు. రూటరు కోసం 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి తీసుకుంటే ఆ కాస్త అంతరాయం కూడా ఉండదు.

కరెంటు బిల్లు గురించి భయం అక్కరలేదు. తెర ఆపేసిన ల్యాప్‌టాప్ సగటున 10 వాట్లు తీసుకుంటుందనుకుంటే, రోజంతా నడిచినా నెలకు 7.2 యూనిట్లు అవుతుంది.

బ్యాటరీని మాత్రం ముందుగా పరీక్షించాలి. ల్యాప్‌టాప్‌ను చదునైన బల్ల మీద పెట్టి చూడండి. నాలుగు మూలలూ ఆనకుండా ఊగుతున్నా, టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బి క్లిక్ పడకపోయినా, లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అలాంటి దాన్ని రోజంతా చార్జింగ్‌లో ఉంచడం ప్రమాదం. బ్యాటరీ తీయించి, యూపీఎస్ మీద నడపండి.

చోటు విషయంలో మూడు నియమాలు చాలు. సర్వర్ రూటరు పక్కన ఉండాలి, వై-ఫై కాకుండా ల్యాన్ కేబుల్‌తో కలపాలి, గాలి ఆడని షోకేసులోనో టీవీ వెనుకనో పెట్టకూడదు. చలికాలంలో హాయిగా నడిచిన యంత్రం ఏప్రిల్, మే నెలల్లో వేడికి తనంతట తానే ఆగిపోవడానికి కారణం చాలాసార్లు ఆ మూసిన అరే.

మొదలుపెట్టే ముందు చేతిలో ఉండవలసినవి:
☐ బ్యాటరీ పరీక్షించిన ల్యాప్‌టాప్, అందులోని పాత ఫైళ్ళన్నీ వేరే చోటికి తీసినది
☐ 4 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్
☐ ల్యాన్ కేబుల్
☐ బ్యాకప్ కోసం యూఎస్‌బీ హార్డ్ డిస్క్
☐ రూటరు నిర్వాహక పాస్‌వర్డ్ (డబ్బా మీద అచ్చు వేసినదే ఇప్పటికీ వాడుతుంటే ఇప్పుడే మార్చండి)
☐ పాస్‌వర్డులు రాసుకోవడానికి ఒక కాగితం, దాన్ని దాచడానికి బీరువా

3. డెబియన్ ఎక్కించడం

డెబియన్ వెబ్‌సైటు నుంచి 64 బిట్ నెట్‌ఇన్‌స్ట్ ఇమేజ్‌ను (చిన్న ఇన్‌స్టాలర్ ఫైల్‌ను) దించుకోండి. పక్కనే ఉన్న ఎస్‌హెచ్‌ఏ512 చెక్‌సమ్‌తో (ఫైల్ చెడకుండా దిగిందో లేదో తేల్చే అక్షరాల వరుసతో) దాన్ని సరిపోల్చిన తరువాతే, రూఫస్ లేదా బలేనా ఎచర్‌తో పెన్‌డ్రైవ్‌కు రాయండి. డెబియన్ 12 నుంచి అధికారిక ఇమేజ్‌లోనే హార్డ్‌వేర్‌కు కావలసిన ఫర్మ్‌వేర్ ఉంటుంది కాబట్టి, దానికోసం విడిగా వెతకనవసరం లేదు. ఆ ఫర్మ్‌వేర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదన్న పట్టింపు ఉన్నవారు ఇన్‌స్టాలర్‌లో దాన్ని వద్దనుకోవచ్చు. ల్యాన్ కేబుల్ వాడుతున్నప్పుడు చాలా యంత్రాలలో అది లేకపోయినా నడుస్తుంది.

ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలలో జాగ్రత్త పడవలసినవి ఇవి.

క. హోస్ట్‌నేమ్ (నెట్‌వర్క్‌లో యంత్రం పేరు): చిన్నదిగా, ఇంటి పేరు, వీధి పేరు లేకుండా పెట్టండి. ఉదాహరణకు "గూడు" అన్న పేరును ఇంగ్లీషు అక్షరాలలో.

ఖ. రూట్ పాస్‌వర్డ్: ఖాళీగా వదిలేయండి. అప్పుడు మొదటి వాడుకరికి సుడో అధికారం (నిర్వాహకుడిగా ఆదేశాలిచ్చే హక్కు) దానంతట అదే వస్తుంది.

గ. వాడుకరి పేరు: ఇక్కడ తాత్కాలికమైన పేరు ఒకటి ఇవ్వండి. మీ అసలు పేరును ఫ్రీడంబాక్స్ ఖాతా కోసం అట్టిపెట్టుకోండి. ఇక్కడ ఇచ్చిన పేరును అది మళ్ళీ ఒప్పుకోదు.

ఘ. డిస్క్ విభజన: డిస్క్ మొత్తం వాడమనే గైడెడ్ పద్ధతి (ఎన్‌క్రిప్షన్ కావాలనుకున్నవారు దానిలో ఎన్‌క్రిప్ట్ చేసే రకాన్ని) ఎంచుకుని, చివరి తెరలో రూట్ విభాగపు రకాన్ని ఎక్స్‌ట్4 నుంచి బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కు మార్చండి. ఫ్రీడంబాక్స్‌లోని స్నాప్‌షాట్ సదుపాయం (అప్పటి స్థితిని దాచుకుని, వెనక్కి తిరిగి వెళ్ళనిచ్చేది) దాని మీదే పని చేస్తుంది. ఈ మెట్టులో డిస్క్‌లో ఉన్నదంతా చెరిగిపోతుందని మరువవద్దు.

ఙ. సాఫ్ట్‌వేర్ ఎంపిక: డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ పక్కన ఉన్న టిక్కు తీసేయండి. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ (వేరే కంప్యూటర్ నుంచి టెర్మినల్‌లోకి వెళ్ళే దారి), స్టాండర్డ్ సిస్టమ్ యుటిలిటీస్ మాత్రమే ఉంచండి.

మొదటి బూట్ తరువాత మూత మూస్తే ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకుంటుంది. సిస్టమ్‌డీ లాగిన్‌డీ కాన్ఫిగరేషన్ ఫైల్‌లో హ్యాండిల్‌లిడ్‌స్విచ్ అన్న వరుసకు ఇగ్నోర్ అనే విలువ ఇచ్చి, ఒకసారి రీబూట్ చేస్తే ఇది తీరుతుంది. మినీ పీసీ అయితే బయోస్‌లోకి వెళ్ళి, కరెంటు తిరిగి రాగానే దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్‌ను ఎంచుకోండి.

4. ఫ్రీడంబాక్స్, మొదటి లాగిన్

కొత్తగా ఎక్కించిన డెబియన్ మీదే దీన్ని చేయాలి. నెట్‌వర్క్, ఫైర్‌వాల్, వెబ్ సర్వర్ అమరికలన్నిటినీ ఫ్రీడంబాక్స్ తన చేతిలోకి తీసుకుంటుంది కాబట్టి, వేరే పనులకు వాడుతున్న యంత్రం మీద ఎక్కిస్తే ఆ పనులు చెడతాయి.

టెర్మినల్‌లో "సుడో ఆప్ట్ అప్‌డేట్", అది ముగిశాక "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫ్రీడంబాక్స్" అనే ఆదేశాలను ఇంగ్లీషు చిన్న అక్షరాలలో ఇవ్వండి. చాలా ప్యాకేజీలు దిగుతాయి, మధ్యలో ఆపవద్దు.

తరువాత ఇంట్లోని మరో కంప్యూటర్ బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో మొదలుపెట్టి, హోస్ట్‌నేమ్ పక్కన డాట్ లోకల్ చేర్చి తెరవండి. సర్టిఫికెట్ నమ్మదగినది కాదని బ్రౌజర్ హెచ్చరిస్తుంది. ఆ సర్టిఫికెట్‌ను సర్వర్ తనకు తానే రాసుకుంది కాబట్టి ఈ హెచ్చరిక సహజమే. సొంత ఇంటి నెట్‌వర్క్‌లో ఈ ఒక్క సందర్భంలో ముందుకు వెళ్ళవచ్చు.

ఇక్కడ ఒక రహస్య కోడ్ అడుగుతుంది. అది సర్వర్‌లో వార్, లిబ్, ప్లింత్ అన్న ఫోల్డర్ల వరుసలో ఫస్ట్‌బూట్-విజర్డ్-సీక్రెట్ అనే ఫైల్‌లో ఉంటుంది. సుడోతో తెరిచి చూసుకోండి. కోడ్ ఇచ్చాక నిర్వాహక ఖాతా తయారవుతుంది. ఇకపై ఎస్‌ఎస్‌హెచ్‌కు కూడా ఈ ఖాతానే వాడండి. డెబియన్‌లో పెట్టిన తాత్కాలిక పేరుతో లాగిన్ నిరాకరించినా కంగారు పడనవసరం లేదు.

ఇంటర్‌ఫేస్ తెలుగులోనూ లభిస్తుంది. అయితే ఈ మార్గదర్శిని అనుసరిస్తున్నంత సేపు ఇంగ్లీషులోనే ఉంచుకోండి. మెనూ పేర్లు ఇక్కడ చెప్పినవాటితో కలుస్తాయి, ఏదైనా ఇబ్బంది వస్తే వెతకడమూ సులువు.

5. యాప్‌ల కంటే ముందు చేయవలసినవి

క. రూటరు సెట్టింగ్స్‌లో సర్వర్‌కు ఒక స్థిరమైన లోపలి అడ్రసు కేటాయించండి. దీన్ని డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అంటారు. డాట్ లోకల్ పేర్లు పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో తెరుచుకోవు కాబట్టి, ఈ అంకెల అడ్రసు తరువాత చాలాసార్లు ఆదుకుంటుంది.

ఖ. సిస్టమ్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పేజీ తెరిచి, ఆటో అప్‌డేట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

గ. ఎస్‌ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయండి. అంతకు ముందే మీ కంప్యూటర్ తాళపు చెవిని (ఎస్‌ఎస్‌హెచ్ పబ్లిక్ కీని) ఖాతాకు చేర్చి, దానితో ఒకసారి లోపలికి వెళ్ళి చూసుకోవాలి. ఈ రెండూ తారుమారైతే ల్యాప్‌టాప్ మూత తెరిచి దాని కీబోర్డు మీదే పని చేయవలసి వస్తుంది.

ఘ. రూటరులో యూపీఎన్‌పీ ఆపేయండి. ఇంట్లోని టీవీలు, కెమెరాలు అడగకుండానే పోర్టులు తెరుచుకోవడానికి అదే దారి.

ఙ. బ్యాకప్. యూఎస్‌బీ డిస్క్‌ను కలిపి, సిస్టమ్‌లోని బ్యాకప్స్ పేజీలో దాన్ని కొత్త స్థలంగా చేర్చి, రోజువారీ షెడ్యూల్ పెట్టండి. ఫ్రీడంబాక్స్ దీనికి బోర్గ్ అనే పనిముట్టును వాడుతుంది. మారిన భాగాన్ని మాత్రమే మళ్ళీ రాస్తుంది కాబట్టి డిస్క్ త్వరగా నిండదు. ఎన్‌క్రిప్షన్ పాస్‌ఫ్రేజ్ పెట్టి, దాన్ని కాగితం మీద రాసి బీరువాలో ఉంచండి. ఆ పాస్‌ఫ్రేజ్ పోతే బ్యాకప్‌ను తెరవడం ఎవరి తరమూ కాదు.

స్నాప్‌షాట్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకని కొందరు ఆగిపోతారు. స్నాప్‌షాట్ ఉండేది అదే డిస్క్‌లో. తప్పు అప్‌డేట్ నుంచి వెనక్కి రావడానికి అది పనికొస్తుంది, డిస్క్ చెడితే దానితో పాటే పోతుంది.

రెండవ ప్రతి ఇంకో ఇంట్లో ఉండాలి. అక్కగారింట్లోనో, విదేశంలో ఉన్న తమ్ముడి ఇంట్లోనో ఎస్‌ఎస్‌హెచ్‌తో చేరగలిగే యంత్రం ఉంటే, బ్యాకప్స్ పేజీలోనే దాన్ని దూరపు స్థలంగా చేర్చవచ్చు. అది కుదరనివారు ఇంకో యూఎస్‌బీ డిస్క్ కొని, పండుగకు ఊరు వెళ్ళినప్పుడల్లా మార్చుకుంటూ ఉండవచ్చు. నెమ్మదైన పద్ధతే, కానీ నడుస్తుంది.

6. కాంటాక్టులు, క్యాలెండర్

యాప్స్‌లో కాంటాక్టులు, క్యాలెండర్లు దాచే రాడికేల్‌ను ఇన్‌స్టాల్ చేయండి. దాని పేజీలో ఎవరి క్యాలెండర్ ఎవరు చూడవచ్చో మూడు ఎంపికలుంటాయి. యజమానికి మాత్రమే అన్నది ఉంచండి. రాడికేల్ పేజీలోకి వెళ్ళి ఒక అడ్రస్ బుక్, ఒక క్యాలెండర్ సృష్టించండి. ఇవి లేకపోతే ఫోన్ కలిసినా అందులో ఏమీ కనిపించదు.

ఫోన్‌లో ఎఫ్-డ్రాయిడ్ (స్వేచ్ఛా యాప్‌ల స్టోర్) నుంచి, ఫోన్‌ను రాడికేల్‌తో కలిపే డావ్‌ఎక్స్5 ఎక్కించండి. అక్కడ అది ఉచితం. యూఆర్ఎల్, వాడుకరి పేరుతో లాగిన్ అన్నది ఎంచుకుని, సర్వర్ అడ్రసు, స్లాష్, రాడికేల్, స్లాష్, మీ వాడుకరి పేరు, చివర మళ్ళీ స్లాష్ ఇవ్వండి. ఆ చివరి స్లాష్ మరిచిపోవడమే ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. సర్టిఫికెట్ వేలిముద్ర చూపి ఒప్పుకోమని యాప్ అడిగితే, అది సర్వర్ సర్టిఫికెట్‌దేనని సరిచూసి ఒప్పుకోండి.

ఇప్పటికే ఉన్న కాంటాక్టులను వీసీఎఫ్ ఫైల్‌గా ఎగుమతి చేసి, కొత్త ఖాతాలోకి దిగుమతి చేసుకోండి. పేర్లు, నంబర్లు సరిగ్గా వచ్చాయని తేలాక పాత ఖాతాలో కాంటాక్టుల సింక్‌ను ఆపి, కొత్త నంబర్లు ఎక్కడ సేవ్ కావాలో డిఫాల్ట్ ఖాతాను మార్చాలి. ఈ చివరి పని చేయకపోతే కొత్త నంబర్లన్నీ పాత క్లౌడ్‌కే చేరుతూ ఉంటాయి.

7. ఫోటోలు

దీనికి రెండు యంత్రాల ఫోల్డర్లను ఒకేలా ఉంచే సింక్‌థింగ్ వాడతాం. సర్వర్‌లో యాప్ ఎక్కించి, ఫోన్‌లో ఎఫ్-డ్రాయిడ్ నుంచి సింక్‌థింగ్-ఫోర్క్ తీసుకోండి. సింక్‌థింగ్ అసలు ఆండ్రాయిడ్ యాప్ అభివృద్ధి 2024 చివరలో ఆగిపోయింది. రెండు వైపులా డివైస్ ఐడీలు మార్చుకున్న తరువాత, ఫోన్‌లోని కెమెరా ఫోల్డర్‌ను సెండ్ ఓన్లీగా, సర్వర్‌లో దాని జతను రిసీవ్ ఓన్లీగా పెట్టండి.

అందరూ పొరబడేది సరిగ్గా ఇక్కడే. సెండ్ ఓన్లీ అంటే ఫోన్‌లో చెరిపినవి సర్వర్‌లో నిలిచి ఉంటాయని అనుకుంటారు. ఉండవు, చెరిపివేత కూడా ఒక మార్పుగానే అవతలికి వెళుతుంది. ఫోన్‌లో జాగా కోసం పాత ఫోటోలు తీసేసిన రోజునే సర్వర్‌లోనూ అవి మాయమవుతాయి. రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఒకటి, సర్వర్ వైపు ఫోల్డర్‌కు ట్రాష్ క్యాన్ ఫైల్ వెర్షనింగ్ ఆన్ చేయడం. రెండు, ఫోన్ నుంచి చెరపబోయే ముందు ఆ నెల ఫోటోలను సర్వర్‌లో సింక్ కాని వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోవడం.

గోప్యత విషయంలో ఇంకో రెండు సంగతులున్నాయి. ఫ్రీడంబాక్స్‌లో సింక్‌థింగ్ ఒక్కటే అందరికీ కలిపి నడుస్తుంది; సింక్‌థింగ్-యాక్సెస్ గుంపులో ఉన్న ప్రతి ఒక్కరూ దాని ఫోల్డర్లన్నిటినీ నిర్వహించగలరు. అందువల్ల ఆ గుంపులో ఒక్కరే ఉండి, మిగతావారి ఫోన్లను తానే కలపడం మేలు. ఇక గ్లోబల్ డిస్కవరీ (ఇంటర్నెట్‌లో డివైస్‌లను వెతకడం), రిలేయింగ్ (మధ్య సర్వర్ ద్వారా పంపడం) అన్నవి మొదటి నుంచే ఆన్‌లో ఉంటాయి. ఫైళ్ళు ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళతాయి కానీ, మీ డివైస్ ఐడీ, ఐపీ అడ్రసు బయటి డిస్కవరీ సర్వర్లకు తెలుస్తాయి. ఫోటోలు ఇంటి వై-ఫైలో ఉన్నప్పుడు సింక్ అయితే చాలనుకునేవారు రెండింటినీ ఆపేసి, లోకల్ డిస్కవరీ ఒక్కటే ఉంచుకోవచ్చు.

ఈ యాప్‌లు కుదిరాక, బ్యాకప్ నుంచి ఒక ఆర్కైవ్‌ను దించుకుని తెరిచి చూడండి. నిన్నటి ఫోటో ఒకటి, ఈ మధ్య చేర్చిన నంబరు ఒకటి అందులో మీ కంటికి కనబడాలి. ఫోటోల ఫోల్డర్ అందులో లేదని తేలితే దానికి విడిగా కాపీ ఏర్పాటు చేయాలి.

8. బయటి నుంచి చేరడం

ఇంటికి వచ్చినప్పుడు సింక్ అయితే చాలనుకుంటే ఈ మెట్టు అక్కరలేదు. నిజానికి చాలామందికి అదే సరిపోతుంది.

అవసరమే అనుకుంటే, ముందుగా రూటరు స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (కంపెనీ రూటరుకు ఇచ్చిన బయటి అడ్రసు) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైనా, 10తో మొదలైనా, మీ కనెక్షన్ సీజీనాట్ వెనుక ఉన్నట్టు. అంటే ఒకే బయటి అడ్రసును ఎన్నో ఇళ్ళు పంచుకుంటున్నాయి. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను రూటరు సర్వర్‌కు మళ్ళించడం) ఎంత చేసినా ఫలితం ఉండదు. అప్పుడు మూడు దారులున్నాయి: కంపెనీని అడిగి డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవడం; ఐపీవీ6 ఇస్తుంటే రూటరు ఐపీవీ6 ఫైర్‌వాల్‌లో అవసరమైన పోర్టును తెరవడం; టోర్ యాప్ ఎక్కించి, అది ఇచ్చే ఆనియన్ అడ్రసు వాడటం. మన దేశంలో మొబైల్ డేటా చాలావరకు ఐపీవీ6తోనే నడుస్తుంది కాబట్టి రెండవ దారిని ముందు ప్రయత్నించండి. టోర్ నెమ్మదిగా ఉంటుంది, కానీ రూటరును తాకనవసరం లేదు.

పబ్లిక్ ఐపీ ఉన్నవారికి నా సూచన వైర్‌గార్డ్, అంటే ఫోన్‌కూ సర్వర్‌కూ మధ్య ఎన్‌క్రిప్ట్ అయిన సొరంగం (వీపీఎన్). రూటరులో 51820 యూడీపీ పోర్టు ఒక్కటే సర్వర్‌కు మళ్ళించాలి. తాళపు చెవి లేనివారికి ఆ పోర్టు జవాబే ఇవ్వదు.

క. ఐపీ మారినా పేరు మారకుండా చూసే డైనమిక్ డీఎన్‌ఎస్ పేజీలో ఒక పేరు అమర్చండి. ఫ్రీడంబాక్స్ ప్రాజెక్టు ఉచితంగా ఇచ్చే ఉపడొమైన్ చాలు.
ఖ. ఫోన్‌లో వైర్‌గార్డ్ యాప్ తెరిచి, కొత్త టన్నెల్‌కు తాళపు చెవులు సృష్టించి, పబ్లిక్ కీని మాత్రమే కాపీ చేయండి.
గ. ఫ్రీడంబాక్స్‌లో వైర్‌గార్డ్ పేజీలో ఆ కీతో క్లయింట్‌ను చేర్చండి. అది చూపే వివరాలను ఫోన్‌లో నింపండి.
ఘ. అలౌడ్ ఐపీస్ దగ్గర సర్వర్ అడ్రసు ఒక్కటే ఇవ్వండి. అన్నీ సున్నాలు ఇస్తే ఫోన్ ఇంటర్నెట్ మొత్తం ఇంటి కనెక్షన్ మీదుగా తిరుగుతుంది.
ఙ. వై-ఫై ఆపి, మొబైల్ డేటా మీద పరీక్షించండి. ఇంటి వై-ఫైలోనే ఉండి పరీక్షిస్తే అది పరీక్ష కాదు.

వెబ్‌సైటు నేరుగా బయటకు కనబడాలనుకునేవారు 80, 443 పోర్టులు మళ్ళించి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ పేజీ నుంచి సర్టిఫికెట్ తీసుకోవచ్చు. అయితే సర్టిఫికెట్ వచ్చిన ప్రతి పేరూ బహిరంగ జాబితాలోకి ఎక్కుతుంది, ఎవరైనా వెతికి చూడవచ్చు. డొమైన్‌లో ఇంటి పేరు, ఊరు పేరు పెట్టవద్దనడానికి కారణం ఇదే.

9. తరచూ వచ్చే ఇబ్బందులు

పేజీ తెరుచుకోవడం లేదు: డాట్ లోకల్ పేరు బదులు అంకెల అడ్రసు ప్రయత్నించండి. అది తెరుచుకుంటే సర్వర్ బాగానే ఉంది, పేరు దొరకడంలోనే సమస్య. ఫోన్ గెస్ట్ వై-ఫైలో ఉందేమో కూడా చూడండి.

కాంటాక్టులు రెండు రోజులుగా సింక్ కావడం లేదు: ఫోన్ బ్యాటరీ ఆదా సెట్టింగ్ వెనుక నడిచే యాప్‌లను ఆపేస్తుంది. డావ్‌ఎక్స్5, సింక్‌థింగ్ రెండింటినీ ఆ జాబితా నుంచి మినహాయించండి.

డిస్క్ నిండిపోయింది: ముందు స్నాప్‌షాట్లు చూసి పాతవి తీసేయండి, తరువాత సింక్‌థింగ్ ట్రాష్ ఫోల్డర్ చూడండి.

యూఎస్‌బీ డిస్క్ మధ్యలో మాయమవుతోంది: చాలాసార్లు ఇది కరెంటు చాలకపోవడమే. రాస్ప్‌బెర్రీ పై 4లో యూఎస్‌బీ పోర్టులన్నీ కలిపి 1.2 ఆంపియర్లకు మించి ఇవ్వలేవు; సొంత అడాప్టర్ ఉన్న హబ్ ద్వారా కలపండి.

ఏదీ అర్థం కాలేదు: సిస్టమ్‌లోని డయాగ్నస్టిక్స్ నడపండి. ఏ యాప్‌లో ఏ పరీక్ష తప్పిందో వరుసగా చూపిస్తుంది.

10. నెలకొకసారి

☐ చివరి బ్యాకప్ తేదీ చూడటం, ఒక ఫైల్‌ను వెనక్కి తెచ్చి తెరవడం
☐ అప్‌డేట్లు ఆగిపోలేదని చూడటం, ఒకసారి రీబూట్ చేయడం
☐ వాడుకరుల జాబితా, వైర్‌గార్డ్ క్లయింట్ల జాబితా చూసి, అమ్మేసిన ఫోన్ల పేర్లు తీసేయడం
☐ ల్యాప్‌టాప్ ఫ్యాన్ జాలీ దుమ్ము దులపడం, బ్యాటరీ ఉబ్బు చూడటం
☐ రూటరు రీసెట్ అయి పాత పాస్‌వర్డ్, యూపీఎన్‌పీ తిరిగి వచ్చాయేమో చూడటం

బీరువాలోని కాగితం మీద పాస్‌ఫ్రేజ్‌తో పాటు సర్వర్ అడ్రసు, బ్యాకప్ డిస్క్ ఉన్న చోటు, దాన్ని తెరిచే విధానం నాలుగు వాక్యాలలో రాసి ఉంచండి. మీరు అందుబాటులో లేని రోజున ఇంట్లో ఇంకొకరు ఫోటోలు తీసుకోగలగాలంటే ఆ నాలుగు వాక్యాలు వారికి అర్థమయ్యేలా ఉండాలి కాబట్టి, రాసిన తరువాత వారి చేతికిచ్చి, వారి చేతనే ఒకసారి చేయించి చూడండి.